మూతి నక్షత్రానికి తూర్పున

సెప్టెంబరు 6

ఒరేయ్ తమ్ముడూ,

మీ డిపో లాంగ్‌రూటు డ్రైవరు చేతికి పొడుగాటి అట్టపెట్టె ఒకటి ఇచ్చి పంపుతున్నాను. లోపల ఉన్నది టెలిస్కోపు. కంగారుపడకు, నేను కొన్నది కాదు. మొన్న నా రిటైర్మెంటు రోజున ఆఫీసువాళ్ళు ఇచ్చారు. అందరికీ గోడగడియారం ఇస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు వేధశాలలో టైపు కొట్టిన మనిషికి గడియారమేమిటని డైరెక్టరు గారు పట్టుబట్టారట. "అట" అని ఎందుకంటున్నానంటే ఆయన మైకులో చెప్పినది నాకు ఒక్క ముక్క వినబడలేదు. పక్కన కూర్చున్న అకౌంట్సు అమ్మాయి కాగితం మీద రాసి చూపించింది.

నా చెవుల సంగతి నీకు తెలుసు. ఎడమది ఎప్పుడో పోయింది, కుడిది ఈ మధ్యే దీర్ఘకాలిక సెలవు పెట్టింది. ఎదురుగా ఉన్న మనిషి పెదాలు చూసి సగం పోల్చుకుంటాను. ఫోనులో పెదాలు ఉండవు కదా. కాబట్టి నువ్వు బద్ధకించకుండా ఉత్తరాలు రాయాలి.

ఇన్నేళ్ళూ నేను టైపు చేసినవి నక్షత్ర గుచ్ఛాల పట్టికలు, నీహారికల పట్టికలు, గెలాక్సీల పట్టికలు. "గుండ్రం. మసక. మధ్యలో కాంతి ఎక్కువ." ఈ మూడు మాటలూ ఎన్ని వేలసార్లు కొట్టానో నా వేళ్ళకే తెలియాలి. కానీ వాటిలో ఒక్కటి కూడా నేను చూడలేదు. నా పని పగలు, వాళ్ళ పని చీకటి పడ్డాక. వాళ్ళు గుమ్మటం తలుపులు తెరిచే వేళకి నేను బస్‌స్టాపులో ఉండేదాన్ని. ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మననూ లేదు. నేను అడగనూ లేదు.

నా ఇంటి కిటికీలోంచి కనిపించేది ఎదుటి బిల్డింగు వాళ్ళ నీళ్ళ పైపు. నీకు పెరడు ఉంది, గోడ అవతల దీపాలు లేవు. నా బదులు నువ్వు చూసి రాయి. పది వస్తువుల పట్టిక ఇందులోనే పెట్టాను. ముందు చంద్రుడితో మొదలుపెట్టు, చెయ్యి కుదురుతుంది.

మరదలికి నా ఆశీస్సులు.

అక్క


సెప్టెంబరు 18

అక్కకి,

పెట్టె పగలకుండా చేరింది. డ్రైవరు దాన్ని తన సీటు వెనక నిలబెట్టి, దారిపొడవునా ఎక్కినవాళ్ళందరికీ అది ఆక్సిజన్ సిలిండరని చెప్పాడట, ఎవరూ ఆనుకోకుండా ఉండాలని.

బిగించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. ఇరవై రెండేళ్ళుగా బస్సుల చక్రాలూ హెడ్‌లైట్లూ సరిచేస్తున్నవాణ్ణి, ఇంత చిన్న మరలు ఎప్పుడూ పట్టుకోలేదు. ఒకటి గడ్డిలో పడిపోతే మీ మరదలు అయస్కాంతం కట్టిన తాడుతో వెతికింది. ఆవిడకి దొరికింది.

చంద్రుణ్ణి చూశాం. నేను చెప్పలేనక్కా. గుంటలు, వాటి అంచుల నీడలు, నీడల పక్కన సుద్దముక్కలాంటి తెలుపు. మీ మరదలు చాలాసేపు చూసి, ఇన్నాళ్ళూ ఈయన మొహాన్ని అందంతో పోల్చినవాళ్ళెవరూ దగ్గర్నుంచి చూడలేదంది.

నీ పట్టికలోవి ఇంకా మొదలుపెట్టలేదు. వారం నుంచి మబ్బులు. విడిచిన వెంటనే చూసి రాస్తాను.

నీ తమ్ముడు


సెప్టెంబరు 29

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మరదలి మాటకి ఒక్కదాన్నే కూర్చుని నవ్వాను.

మబ్బులైతే ఏం చేస్తాం. మా ఆఫీసులో మబ్బు పట్టిన రోజు అందరూ కారమ్సు ఆడుకునేవారు, మర్నాడు నాకు టైపు చేయడానికి ఏమీ ఉండేది కాదు. నాకు అవి సెలవుల్లాంటివి. ఇప్పుడు మాత్రం మీ ఊరి మబ్బుల మీద కోపం వస్తోంది.

సులువైనది ఒకటి చెబుతాను. చీకటి పడ్డాక తలెత్తితే నాలుగు నక్షత్రాల పెద్ద చతురస్రం కనిపిస్తుంది. అది రెక్కల గుర్రం ఒళ్ళు. అక్కణ్ణించి పడమరగా మెడ సాగి, చివర కాస్త నారింజరంగు నక్షత్రం ఉంటుంది. అది గుర్రం మూతి. చెయ్యి చాచి రెండు వేళ్ళు అడ్డంగా పెట్టు. మూతి నక్షత్రానికి తూర్పున అంత దూరంలో గోళాకారపు గుచ్ఛం ఒకటి ఉంటుంది. వేల నక్షత్రాలు బంతిలా ముద్దకట్టి ఉంటాయిట. మా ఆఫీసు పెద్ద పట్టికలో దాని సంఖ్య పదిహేను. నా వేళ్ళకి కంఠస్థం.

ఇంకో సంగతి. నేను ఇన్నేళ్ళు కొట్టిన పట్టికలన్నీ కలిపి డిసెంబరులో పుస్తకంగా వేస్తున్నారు. కృతజ్ఞతల పేజీలో నా పేరు కూడా ఉంటుందని డైరెక్టరు గారు ప్రూఫు చూపించారు. పుస్తకం వచ్చేలోగా అందులోది ఒక్కటైనా నువ్వు చూసి చెబితే నాకు తృప్తిగా ఉంటుంది. నువ్వు చూస్తే నేను చూసినట్టే.

అక్క


అక్టోబరు 10

అక్కకి,

చూశాను. నీ పదిహేనో నంబరు చూశాను.

నువ్వు చెప్పినట్టే మూతి నక్షత్రానికి తూర్పున, రెండు వేళ్ళ దూరంలో. ముందు నల్లగా ఉంది, గొట్టాన్ని కొంచెం జరపగానే లోపలికి వచ్చింది. ఎలా చెప్పను? బంగారపు నూక గుప్పెడు తీసుకుని నల్లటి గుడ్డ మీద పోసినట్టుంది. మధ్యలో ఒత్తుగా, అంచులకి విడివిడిగా. కొన్ని పసుపు, కొన్ని నారింజ, అక్కడక్కడ నీలం గింజలు. ఒక్కో నక్షత్రాన్నీ లెక్కపెట్టొచ్చు. మీ మరదల్ని కూడా పిలిచాను, కానీ ఆవిడ వచ్చేలోపు జారిపోయింది.

నీ పుణ్యమా అని ఇంత చూశాను. మిగతావి కూడా ఒక్కటొక్కటే పట్టుకుంటాను.

నీ తమ్ముడు


అక్టోబరు 19

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను వంట చేసుకోలేదు. ఆకలి గుర్తురాలేదు. కాగితం అంచున చిన్న మరక ఉంది. పెరట్లో మంచు పడుతుండగానే కూర్చుని రాశావనుకున్నాను. దాన్ని తుడవలేదు, అలాగే ఉంచాను.

నీ వర్ణనని ఇంట్లో ఉన్న టైపు మెషీను మీద ఎక్కించాను. తేదీ, వేళ, దిక్కు, దూరం, వర్ణన. నీ పేరు చూసినవారి గడిలో కొట్టాను. అలా కొడుతూ దిక్కు దగ్గర ఆగిపోయాను. తూర్పు అని ఉంది. నా వేళ్ళు పడమర కొట్టబోయాయి. పాత కాపీ తీసి చూశాను. ఆ గుచ్ఛం ఉండేది మూతి నక్షత్రానికి పడమర పక్కన. తూర్పున ఏమీ లేదు. నేనే నీకు తప్పు రాశాను.

అయినా నీకు అక్కడ కనబడింది.

రెండు రోజులు ఇదే ఆలోచన. పట్టికలో లేనిది నువ్వు చూశావంటే అది కొత్తగా వచ్చినదై ఉండాలి. తోకచుక్కలు మొదట్లో అలాగే, తోక లేకుండా గుండ్రంగా వస్తాయని నేనే ఎన్నో నివేదికలు టైపు చేశాను. వాటికి ముందుగా చూసినవాళ్ళ పేరే పెడతారు. మన ఇంటిపేరు ఆకాశంలో ఉంటే ఎలా ఉంటుందో ఊహించు. ఆ ఇంటిపేరు రేషనుకార్డులో కూడా ఎవరూ సరిగ్గా రాసిన పాపాన పోలేదు.

రేపు ఆఫీసుకి వెళ్తున్నాను. నీ ఉత్తరం తీసుకెళ్తున్నాను.

అక్క


అక్టోబరు 24

అక్కా,

ఇప్పుడే నీ ఉత్తరం అందింది. దయచేసి ఆఫీసుకి వెళ్ళకు. వెళ్ళి ఉంటే, ఇంకెవరికీ చెప్పకు.

నేను పొరబడి ఉండొచ్చు. అద్దం మీద దుమ్ము ఉండొచ్చు, వీధి లైటు మెరుపు పడి ఉండొచ్చు. నేనేం చదువుకున్నవాణ్ణి కాదు, నా మాట పట్టుకుని అంత పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళడమేమిటి. ఆ ఉత్తరాన్ని నమ్మకు. మళ్ళీ చూసి రాస్తాను, అప్పటిదాకా ఆగు.

తమ్ముడు


నవంబరు 1

తమ్ముడూ,

నీ ఉత్తరం నేను వెళ్ళొచ్చాక అందింది. మొహమాటపడి రాశావని తెలుసు. చిన్నప్పుడు బడిలో బహుమతి వచ్చినా తలుపు వెనక దాక్కునేవాడివి. ఇందులో నీ తప్పేమీ లేదు. జరిగింది చెబుతాను.

ఇరవయ్యో తారీకున వెళ్ళాను. డైరెక్టరు గారు నన్ను తన గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలో నేను ఇన్నేళ్ళూ నిలబడి కాగితాలు ఇచ్చి వచ్చేదాన్ని, కుర్చీ ఎంత మెత్తగా ఉంటుందో ఆ రోజే తెలిసింది. నా మాట ఆయన శ్రద్ధగా విన్నారు. పెద్ద టెలిస్కోపు పని ఆపించి రెండు సాయంత్రాలు అటే తిప్పించారు. ఫొటోలు తీయించారు.

ఇరవై ఎనిమిదిన మళ్ళీ వెళ్ళాను. అక్కడ ఏమీ లేదని రాసి చూపించారు. నలుగురు కుర్ర సైంటిస్టులు కూడా ఉన్నారు. నీ ఉత్తరం చేతులు మారింది. ఒకతను దాన్లో ఒక మాట కింద గోరు పెట్టి పక్కవాడికి చూపించాడు. ఇద్దరూ తలలు దించుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. వాళ్ళ నవ్వు నాకు వినబడలేదు, కనబడింది. వినబడకపోతే బాధ తక్కువగా ఉంటుందని అందరూ అనుకుంటారు. ఉండదు.

తమ్ముడికేం తెలియదు, దిక్కు తప్పు రాసింది నేనే అని చెప్పాను. చెప్పాక నాకే భయం వేసింది. నీకు రాసిన ఒక్క ఉత్తరంలో తూర్పుకీ పడమరకీ తేడా తెలియనిదాన్ని, ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నిచోట్ల అలా కొట్టానో. నా పేజీలన్నీ మళ్ళీ సరిచూడమని అడిగాను. కృతజ్ఞతల పేజీలోంచి నా పేరు తీసెయ్యమన్నాను. డైరెక్టరు గారు ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి అదే మాట టైపు చేసి, సంతకం పెట్టి పోస్టు చేశాను. తప్పుల్లేకుండా కొట్టిన ఉత్తరం అది, రెండుసార్లు చూసుకున్నాను.

ఇక నక్షత్రాల సంగతి వదిలెయ్యి. ఆ గొట్టాన్ని మరదలు బీరువా మీద పెట్టేస్తే దుమ్ము పట్టకుండా ఉంటుంది.

అక్క


నవంబరు 9

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది. ఇంక ఆలోచించకుండా రాస్తున్నాను.

నేను ఏమీ చూడలేదు. తూర్పునా చూడలేదు, పడమరా చూడలేదు. మబ్బులు కూడా లేవు. సెప్టెంబరంతా ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. పదకొండు సాయంత్రాలు పెరట్లో వంగి వంగి నడుం పట్టేసింది. నలుపు, రెండు మూడు చుక్కలు, మళ్ళీ నలుపు. నీ పట్టికలో ఒక్కటీ నాకు దొరకలేదు.

నువ్వు చూస్తే నేను చూసినట్టే అని రాశావు కదా. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని బస్సుల కింద గుంటలో పనిచేశాను. జేబులో బరువు తెలుస్తూనే ఉంది. డిపోలో అందరూ నా చెయ్యి నిక్కచ్చి అంటారు. అలాంటివాణ్ణి, మా అక్క ఇన్నేళ్ళు కొట్టినవాటిలో ఒక్కటి కూడా నా చేతికి దొరకలేదని రాయలేకపోయాను. మధ్యాహ్నం క్యాంటీనులో ఎలక్ట్రీషియను ఫోనులో ఆ గుచ్ఛం ఫొటో పెట్టించుకుని, దాన్ని చూస్తూ నీకు రాశాను. బంగారపు నూకా, నీలం గింజలూ అన్నీ ఫొటోలోవే. కాగితం మీద మరక మంచు కాదు. నా బొటనవేలికున్న గ్రీజు.

ఇంకోటి కూడా చెప్పాలి. నువ్వు వంట మానేసి సంతోషపడ్డావని చదివినప్పుడు నాకు సిగ్గు వేయాల్సింది. ముందు సిగ్గు వేయలేదు. మన ఇంటిపేరు ఆకాశంలో అన్న లైను దగ్గర ఒక్క నిమిషం, నిజంగానే ఏదో చేసినవాడిలా ఛాతీ విరుచుకున్నాను. ఆ తర్వాతే నువ్వు ఆఫీసుకి వెళ్తున్నావన్న లైను చదివాను. అప్పుడైనా నిజం రాయాల్సింది. దుమ్మూ వీధిలైటూ అని మళ్ళీ అబద్ధమే రాశాను. మా పెరట్లోకి వీధిలైటు వెలుతురే రాదు.

నువ్వు అక్కడ నలుగురిలో నిలబడి తప్పు నీదేనన్నావు. అప్పుడు నేను ఇక్కడ భోజనం చేస్తూ ఉండి ఉంటాను.

మీ మరదలికి చెప్పాను. మూడు రోజులుగా నాకు వడ్డించి, తను వంటింట్లోకి వెళ్ళి తింటోంది.

నీ తమ్ముడు


డిసెంబరు 1

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. రావాలని అడగడానికి నాకు నోరు లేదు. ఒక్క సంగతి రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఈ మధ్య ఒక పెద్దాయనతో మాట్లాడాల్సి వచ్చింది. నేను పదకొండు సాయంత్రాలు ఏం చేశానో అడిగి, పక్కనున్న చిన్న గొట్టాన్ని సరిచేశారా అన్నారు. నాకు అర్థం కాలేదు. పెద్ద గొట్టం మీద వేలెడంత చిన్న గొట్టం ఉంటుంది, దాంతో గురి చూసి తర్వాత పెద్దదాంట్లో చూడాలి. ఆ రెండూ ఒకే చోటు చూడాలి. పగలు దూరంగా ఉన్న టవరు లాంటిదేదైనా గురిగా పెట్టుకుని మరలు తిప్పి సరిచూసుకోవాలట. నేను సరిచూడలేదు. అంటే నేను దేని మీద గురిపెట్టినా, పెద్ద గొట్టం దానికి జానెడు పక్కన చూస్తోందన్నమాట.

ఇరవై రెండేళ్ళుగా గోడ మీద గీత గీసి బస్సుల హెడ్‌లైట్లు సరిచేస్తున్నాను. ఒక బస్సు లైటు అంగుళం పక్కకి చూస్తే డ్రైవర్ని నిలబెట్టి తిట్టేవాణ్ణి.

నీళ్ళ ట్యాంకు మీది కడ్డీని గురిగా పెట్టుకుని సరిచేశాను. అదే సాయంత్రం గుర్రం మూతికి తూర్పున చూశాను. ఏమీ లేదు. పడమరకి జరిపాను. చాలాసేపు ఏమీ లేదు. సూటిగా కాకుండా ఓరగా చూస్తే, ఒక మసక మచ్చ. గుండ్రంగా. మధ్యలో కొంచెం వెలుగు ఎక్కువ. రంగు లేదు. చలికాలం అద్దం మీద ఊపిరి వదిలితే పడే మచ్చంత. సూటిగా చూస్తే పోతుంది. ఓరగా చూస్తే వస్తుంది.

మీ మరదలు కూడా చూసింది. నన్ను నమ్మమని అడగను. ఆవిడ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టింది.

తమ్ముడు


డిసెంబరు 19

తమ్ముడూ,

ఇన్నాళ్ళు రాయకపోవడం కోపంతోనే. కొంత నీ మీద. ఎక్కువ భాగం ఎవరి మీదో తర్వాత చెబుతాను.

మొన్న డైరెక్టరు గారు మా ఇంటికి వచ్చారు. మూడంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ వచ్చారు. పుస్తకం తెచ్చారు. నీ సంగతి ఆయనే చెప్పారు. కొన్ని పెదాల్లో చదివాను, కొన్ని ఆయన రాసి చూపించారు. ఆ కాగితాలు నా దగ్గరున్నాయి.

నవంబరు పదిహేనున నువ్వు పని బట్టలతోనే ఆఫీసుకి వెళ్ళావట. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చావట. నా పరువు తీసిన ఆ నలుగుర్నీ కూడా పిలిపించమని అడిగావట. వాళ్ళ ముందు నిలబడి, "మా అక్క చేతిలో తప్పు ఒక్కటే, మిగతాదంతా నా అబద్ధం" అన్నావట. గోరు పెట్టి చూపించిన కుర్రవాడు లేచి నిలబడ్డాడట. నా పేరు మళ్ళీ వెయ్యమని నువ్వు అడిగావు, అప్పటికే ఆ పేజీ నా పేరు లేకుండా అచ్చుకి వెళ్ళిపోయింది. నేను టైపు చేసి పంపిన ఉత్తరం దానికి జతచేసి పంపారట. చీటీ అచ్చు వేయించి అతికిస్తామన్నారు ఆయన. వద్దన్నాను. ఫర్వాలేదు.

నువ్వు ఇదంతా నాకు రాయకుండా, ఒక పెద్దాయనతో మాట్లాడాల్సి వచ్చిందని రాశావు.

ఇప్పుడు నా మాట విను. నీ అబద్ధపు ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం వండుకోలేదని రాశాను. సంతోషం ఒక్కటే కారణం కాదు. నీలం గింజలు అని చదివిన చోటే నాకు తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత చిన్న టెలిస్కోపుతో రంగులు చూశామని రాసినవాళ్ళ వరస ఒక్కటి కూడా నేను కొట్టలేదు. అలాంటిదాంట్లో అవి బూడిదరంగులోనే ఉంటాయని నాకంటే బాగా ఎవరికి తెలుసు. అయినా రెండు రోజులు కూర్చుని, తోకచుక్క అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. ఎందుకంటే ఆ గదిలోకి ఒక్కసారైనా, ఎవరో రాసింది అందించడానికి కాకుండా, నా దగ్గరున్న కబురు చెప్పడానికి వెళ్ళాలనిపించింది. వెళ్ళాను. మెత్తటి కుర్చీలో కూర్చున్నాను. అనుమానం చేతిలో పెట్టుకునే కూర్చున్నాను. పేరు తీసెయ్యమని పట్టుబట్టింది కూడా దిక్కు తప్పినందుకు కాదు. ఆ సంగతి ఎవరైనా కనిపెడతారేమోనని.

నీ సిగ్గు నువ్వు వాళ్ళ ముందు నిలబడి తీర్చుకున్నావు. నాది నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మరదలు రాసిన కాగితం చదివాను. "మచ్చ నిజమే వదినా, చంద్రుడంత బాగోలేదు" అని రాసింది. ఫిబ్రవరిలో నాలుగు రోజులు వచ్చి మీతో ఉంటాను. పెరట్లో వేసుకోవడానికి ఎత్తు తక్కువ స్టూలు ఒకటి చూసిపెట్టు, నా మోకాళ్ళు వంగవు.

అక్క


ఫిబ్రవరి 20

తమ్ముడూ, మరదలా,

క్షేమంగా ఇల్లు చేరాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

మొదటి రెండు సాయంత్రాలూ మబ్బులు పట్టినప్పుడు నీ మొహం చూడాల్సింది. ఆ మబ్బుల్ని నువ్వే పిలిపించినట్టు నొచ్చుకున్నావు. ఈసారి అవి నా కళ్ళకి కూడా కనిపించాయి కదరా, ఎందుకంత బాధ.

మూడో రోజు సంగతి రాయాలి. అక్కడ మాట్లాడుకోలేకపోయాం. దీపం వేస్తే నక్షత్రాలు పోతాయి, వేయకపోతే నీ పెదాలు కనబడవు. నా భుజాలు పట్టుకుని గొట్టం దగ్గరికి వంచావు. వేటగాడి ఆకారంలో ఉండే నక్షత్రాల నడుము కింద నీహారిక అని పగలే కాగితం మీద బొమ్మ గీసి చూపించావు కాబట్టి ఏం చూడాలో తెలుసు. కన్ను పెట్టాను. నలుపు. ఏమీ లేదురా అన్నాను. ఎంత గట్టిగా అన్నానో, పక్కింటావిడ కిటికీ తెరిచింది. నీ చేతులు నా భుజాల మీద ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత నా కళ్ళజోడు తీసి, స్టూలు కాస్త ముందుకి జరిపి, మళ్ళీ వంచావు.

కనబడింది.

వేలసార్లు కొట్టిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. పొగచూరిన గాజు మీద ఎవరో తడి అరచెయ్యి ఆనించి తీసేసినట్టుంది. దాని లోపల నాలుగు చిన్న నక్షత్రాలు, సూది మొనల్లా. అది కదులుతోంది. కదులుతున్నది మనమని తెలిసినా, అదే వెళ్ళిపోతోందని భయం వేసింది. గొట్టం జరపబోతే నువ్వు నా చెయ్యి పట్టుకుని ఎటు తిప్పాలో చూపించావు. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. మరదలు శాలువా కప్పిందాకా చలి తెలియలేదు.

అప్పుడు నువ్వు నా చెవి దగ్గరికి వంగి ఏదో అన్నావు. వెచ్చగా ఊపిరి తగిలింది. ఏమన్నావో తెలియలేదు. లోపలికి వచ్చాక వెలుతురులో అడుగుదామనుకున్నాను, నువ్వు గొట్టం తుడిచే పనిలో పడిపోయావు. ఏమన్నావో రాయి.

అక్క


ఫిబ్రవరి 27

అక్కకి,

గొట్టం తుడవాల్సిన అవసరమేమీ లేదు. నువ్వు అడుగుతావని తెలిసి దాని వెనక చేరాను.

నువ్వు వచ్చిన రెండో రోజు, నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నీ సంచిలోంచి ఆ పుస్తకం తీశాను. కృతజ్ఞతల పేజీ రెండుసార్లు చదివాను. అద్దాలు తుడిచినవాళ్ళ పేర్లున్నాయి, కరెంటు పని చూసినవాళ్ళ పేర్లున్నాయి, జీపు డ్రైవరు పేరుంది. సాయంత్రం నువ్వు మీ మరదలికి ఆ పుస్తకం చూపిస్తూ ఉన్నావు. ఆ పేజీ వచ్చేసరికి నీ బొటనవేలు దాన్ని కూడా కలిపి రెండు పేజీలు ఒకేసారి తిప్పేసింది. ఫర్వాలేదు అని నువ్వు రాసిన మాటని నేను డిసెంబరు నుంచి నమ్ముకుంటూ వచ్చాను. అప్పుడు నమ్మడం మానేశాను.

నీ అనుమానం సంగతి నువ్వు రాశావు. అది నీ లెక్కలో ఎంతైనా కానీ, ఆ కాగితం నీ చేతికి అందించింది నేను.

పెరట్లో నీ చెవి దగ్గర నేనన్నది ఇదీ. "అక్కా, ఆ పుస్తకంలో నీ పేరు లేకుండా చేసింది నేనే. క్షమించు." అంతే. ఉత్తరాల్లో చాలా రాశాను కానీ, క్షమించమని ఎక్కడా రాయలేదు. నిన్న నీ ఉత్తరం వచ్చాక అన్నీ గుర్తు చేసుకున్నాను. ఆఫీసులో నలుగురి ముందూ చెప్పాను, నీకు చెప్పలేదు.

నీకు వినబడదని తెలిసే అన్నాను. చీకట్లో నా పెదాలు కనబడవని తెలిసే అన్నాను. చెప్పేశానన్న తృప్తి నాకు, చెప్పినట్టు నీకు తెలియదు. అది కూడా ఒకరకం అబద్ధమేనని నువ్వు అడిగిందాకా తోచలేదు.

వచ్చే బుధవారం సెలవు పెట్టాను. మీ మరదలు కూడా వస్తానంది, ఈసారికి వద్దన్నాను. ఉదయం తొమ్మిదికి బస్సు అక్కడికి చేరుతుంది. నువ్వు కిటికీ తెరిచి ఉంచు. వెలుతురు నా మొహం మీద పడేట్టు నిలబడతాను.

నీ తమ్ముడు